పిండిలో నల్లచార

నా పేరు పుష్పావతి, భర్త పేరు యల్లేష్, వయసు నలభై నాలుగు. ఇంట్లో దోసె పిండి, ఇడ్లీ పిండి రుబ్బి అమ్మడం నా వృత్తి. బళ్లారి సత్యనారాయణపేటలో బాడుగ ఇంట్లో ఉంటున్నాం. నా భర్త తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద మిషన్లకు గ్రీజు పట్టించే పనిలో ఉన్నాడు. తెల్లారకముందే కంపెనీ బస్సు ఎక్కి పోతాడు. ఆదివారం ఇంట్లో ఉంటాడు.

నాకు కన్నడ మాట్లాడటం బాగానే వచ్చు. కానీ కేసు నా మీద ఉంది కాబట్టి ఒక్క మాట కూడా అటు ఇటు కాకూడదని తెలుగులోనే చెబుతానన్నాను. సబ్ ఇన్‌స్పెక్టర్ గారు ఒప్పుకున్నారు. కానిస్టేబుల్ ఇంద్రసేన గారు ఆదోనిలో చదువుకున్నారు, ఆయనకు తెలుగు రాయడం వచ్చు. నేను చెబుతుంటే ఆయన రాస్తున్నారు.

మా పేట మెయిన్ రోడ్డులో మిక్సీలు, గ్రైండర్లు రిపేరు చేసే తిరుమలేష్ మీద, ఆదివారం మధ్యాహ్నం అతని షాపులోనే, ఒక గిన్నెడు పిండి నెత్తిన గుమ్మరించానని నా మీద ఫిర్యాదు. అది నిజం. గుమ్మరించాను. చేయి జారి పడలేదు, ఎవరూ నన్ను తోయలేదు. ఎందుకు గుమ్మరించానో చెబుతాను.

నేను పదకొండేళ్లుగా పిండి అమ్ముతున్నాను. పొద్దున రుబ్బుతాను, సాయంత్రం అమ్ముతాను. మా వీధి, పక్క వీధుల ఆడవాళ్లు ఎవరి గిన్నె వాళ్లు తెచ్చుకుంటారు. నాకు బోర్డు లేదు. పుష్పావతి పిండి పులుపెక్కదు, పుష్పావతి పిండిలో నీళ్లు ఉండవు అని ఒకరికొకరు చెప్పుకుంటారు. నా వ్యాపారమంతా ఆ మాట మీదే నడుస్తోంది. బియ్యం ఏరకుండా నానబెట్టను. ఉద్దిపప్పు కడిగిన నీళ్లు తేటగా వచ్చేదాకా కడుగుతాను. గ్రైండరు దగ్గరికి పోయే ముందు గాజులు తీసి గూట్లో పెడతాను. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, నేను మురికిదాన్నని, నా ఇల్లే మురికి అని తిరుమలేష్ నిన్న ఈ స్టేషన్లో నలుగురి ముందు అన్నాడు. కావాలంటే ఇప్పుడే వచ్చి నా వంటిల్లు చూడండి.

నా గ్రైండరు పెద్దది. వంచి పిండి తీసుకునే రకం. రెండు వారాల కిందట అది తిరుగుతుంటే కింది నుంచి కీచుమని అరుపు మొదలైంది. రెండు రోజులకు అడుగున నీళ్లు కారడం కూడా మొదలైంది. ఇంతకు ముందు నా గ్రైండరు చూసేది సిద్ధేశప్ప. పెద్దాయన. కొడుకు కెంచనగుడ్డలో నది పక్కన పొలం గుత్తకు తీసుకున్నాడని పోయిన ఏడాది షాపు ఎత్తేసి అక్కడికి వెళ్లిపోయాడు. ఆయనకు ఫోన్ చేశాను.

"నడిమి కడ్డీ కాడ రబ్బరు సీలు పోయింటాది తల్లీ. పిండి కిందికి దిగకుండా, కింది గ్రీజు పైకి రాకుండా అడ్డం ఉండేది అదే. కొత్తది ఏపించుకో. పాతదే తిప్పి ఏస్తానంటే ఒప్పుకోవద్దు" అన్నాడు.

కంపెనీ నంబరుకు చేశాను. ఒకటి నొక్కమంది, మూడు నొక్కమంది, పాట వేసింది. చివరికి ఒక అబ్బాయి ఎత్తి, మా ఊళ్లో వాళ్ల మనిషి ఇప్పుడు లేడన్నాడు. ఫోన్లో బుక్ చేస్తే ఇంటికి వస్తారని పక్కింటి వాళ్లు చెబితే అలాగే చేశాం. వచ్చినవాడు గ్రైండరు మూత కూడా తీయలేదు. ఫోటో కొట్టుకుని, చూసినందుకు డబ్బులు తీసుకుని, మళ్లీ ఫోన్ ఎత్తలేదు.

అప్పుడు తిరుమలేష్ దగ్గరికి వెళ్లాను. అతన్ని నమ్మడానికి నాకు ఒకే ఒక కారణం ఉంది. అతని భార్య దురుగమ్మ నాలుగేళ్లుగా నా దగ్గరే పిండి కొంటుంది. వాళ్లకు ఇద్దరు ఆడపిల్లలు. ఇద్దరికీ పొద్దున దోసె లేకపోతే బడికి పోమని గొడవ. తన పిల్లలు తినే పిండిని ఎవడైనా చెడగొట్టుకుంటాడా? ఊళ్లో ఇంకే మెకానిక్‌ను నమ్మడానికైనా నా దగ్గర ఇంత గట్టి కారణం లేదు. ఇలా లెక్క వేసుకుని వెళ్లాను.

బుధవారం అతను ఇంటికి వచ్చి చూశాడు. కొత్త సీలే వేయాలని నేను ముందే చెప్పాను.

"సీలు, బేరింగు రెండూ కొత్తవే ఏస్తా అక్కా. ఈడ ఊడదీస్తే నీ ఇల్లంతా గలీజు అయితాది. షాపుకు తీస్కపోతా" అన్నాడు.

"ఎన్నాళ్లు పడుతుందప్పా? లేటయితే చెప్పు. వారం ఆగమన్నా ఆగుతా. ఇండ్లలో చెప్పుకుంటా" అన్నాను.

"వారం యాల? రేపు సాయంత్రానికి నీ ఇంట్లో ఉంటాది. పక్కా" అన్నాడు.

వారం ఆగమన్నా ఆగుతానని నేను చెప్పిన మాట దయచేసి సరిగా రాయండి. తర్వాత అతను వేరేగా చెప్పాడు.

గురువారం సాయంత్రం ఆటోలో గ్రైండరు తెచ్చాడు. స్విచ్ వేశాడు. అరుపు లేదు. ఖాళీ డబ్బా మాత్రమే చూపించి, ఇదిగో కొత్త సీలు దీంట్లోదే అన్నాడు. నేను డబ్బులిచ్చాను. కాఫీ ఇచ్చాను. ఇంట్లోకి పిలిచి కుర్చీ వేసి కాఫీ ఇచ్చాను.

శుక్రవారం పొద్దున మొదటి వాయి ఉద్దిపప్పు వేశాను. పప్పు మెత్తబడి తెల్లగా పొంగే వేళకు నడిమి కడ్డీ చుట్టూ నల్లటి చార కనిపించింది. కాటుక వేలితో గీసినట్టు సన్నగా ఉంది. గ్రైండరు ఆపి తిరుమలేష్‌కు ఫోన్ చేశాను.

"కొత్త బేరింగు కదక్కా, మొదట్లో స్వల్ప వస్తాది. ఆ వాయి పారబోయి. ఒకసారి ఉత్త బియ్యం రుబ్బి అదీ పారబోయి. ఆమ్యాల రుబ్బేదాంట్లో ఏమీ ఉండదు" అన్నాడు.

"తినే పిండప్పా. ఏం కాదు కదా?"

"నేను చెప్తాండా కదా. ఏమీ కాదు. సుమ్నె ఊరికే భయపడతావు."

ఆ వాయి అంతా దొడ్లో గుంట తీసి పారబోశాను. బియ్యం రుబ్బి అది కూడా పారబోశాను. గ్రైండరు చింతపండుతో తోమి వేడినీళ్లతో కడిగాను. మూడోసారి రుబ్బింది తెల్లగానే వచ్చింది. చార లేదు. వాసన చూశాను, ఏమీ తెలియలేదు. శుక్రవారం సాయంత్రం అమ్మాను. శనివారం కూడా అమ్మాను.

ఆ రెండు రోజులూ దురుగమ్మ రాలేదు. పుట్టింటికి పోయిందేమో అనుకున్నాను.

ఆ రెండు రోజులూ మా ఇంట్లో కూడా ఆ పిండి తినలేదు. ఈ నెలంతా నేను ఉపవాసాలుంటాను. నా భర్త రొట్టె తీసుకుపోతాడు. తిరుమలేష్ దీన్ని పట్టుకుని, ఆమెకూ తెలుసు, అందుకే తినలేదు అంటున్నాడు. నాకు తెలిసుంటే రెండో రోజు రుబ్బేదాన్నే కాదు.

ఆదివారం పొద్దున పద్మావతమ్మ గారు ఫోన్ చేశారు. వాళ్లది బజారులో బట్టల వ్యాపారం చేసే కుటుంబం. పెద్ద ఇల్లు, వాళ్లకు రెండు పూటలకూ నా దగ్గర నుంచే పిండి పోతుంది. తొమ్మిదేళ్లుగా ఒక్కసారి కూడా వంక పెట్టని మనిషి. మామూలుగా "ఏమ్మా పుష్పా" అని మొదలుపెడతారు. ఆ రోజు నా పేరు కూడా అనలేదు.

"ఏం కలుపుతాండావు పిండిలో? దోసె ఏస్తే పెట్రోల్ బంకులో నిలబడినట్టు ఉండాది. మా వీరేష్ రాత్రి నుంచి వాంతులు చేసుకుంటాండాడు. ఐదేండ్ల బిడ్డ. ఆస్పత్రిలో ఉండాం."

శనివారం పిండి అడుగున కొంచెం మిగిలి ఉంది. పెనం పెట్టి ఒక దోసె వేశాను. చల్లగా ఉన్నంత సేపూ ఏమీ తెలియని వాసన పెనం కాలేసరికి లేచింది. లారీ మెకానిక్ షెడ్డు వాసన. దోసె అంచు తుంచి నోట్లో పెట్టుకున్నాను. నాలుక మీద జిడ్డు పొర కట్టింది. ఉమ్మేశాను. ఉప్పు వేసుకుని పుక్కిలించాను. వేపపుల్లతో నాలుక గీక్కున్నాను. పోలేదు. ఇప్పుడు ఇక్కడ కూర్చుని చెబుతుంటే కూడా ఆ పొర నాలుక మీద ఉన్నట్టే ఉంది.

నా భర్త నిద్ర లేచి వచ్చి వాసన పట్టి, "ఇదేంది పుష్పా, మా ఫ్యాక్టరీలో చక్రాలకు పట్టించే గ్రీజు వాసన ఇంట్లో వస్తాండాది?" అన్నాడు. దోసె చూపించాను. పానాలు తెచ్చి గ్రైండరు ఊడదీశాడు.

లోపల కొత్త సీలు లేదు. పాత సీలే ఉంది. గట్టిపడి, అంచులు పగిలి, చెప్పు తోలులా ఉంది. పగుళ్లు కనబడకుండా దాని చుట్టూ సైకిల్ ట్యూబు ముక్క కోసి చుట్టాడు. ఆ ట్యూబు చుట్టూ గ్రీజు కుక్కాడు. పూయలేదు, కుక్కాడు. గోడ కంతలో మట్టి కుక్కినట్టు కుక్కాడు. నా భర్త దాన్ని వేలితో తీసి వెలుతురులో చూశాడు.

"ఇది కొత్త గ్రీజు కూడా కాదు. యాడనో బండి చక్రంలోంచి గీకి తీసింది. చూడు, ఇనుప రజను మెరుస్తాండాది."

ఆ గ్రీజులో ఇనుప రజను ఉంది. వెంట్రుకలు ఉన్నాయి. బేరింగు కింద ఎప్పటిదో పాత పిండి పచ్చగా బూజు పట్టి ఉంది, కడగను కూడా కడగలేదు. ఆ బూజులో ఒక బొద్దింక కాలు ఉంది. ఇది కూడా రాయాలా అని ఇంద్రసేన గారు అడిగారు. రాయండి అన్నాను. ఆ కడ్డీ మీదే నా పప్పు తిరిగింది. ఇదంతా నేను గిన్నెల్లో నింపి, నవ్వుతూ, "బాగా పొంగింది వదినా, రేపు పొద్దున ఏసుకో" అని చెప్పి ఇచ్చాను. పసిపిల్లల తల్లులకు ఇచ్చాను. అది తలచుకుంటే నా చేతులే నాకు రోతగా ఉన్నాయి.

స్నానం చేసి వెంటనే ఇల్లిల్లూ తిరిగాను. తలుపు కొట్టి, "పిండి పారబోయండి, గ్రీజు కలిసింది, పిల్లలకు పెట్టద్దు" అని చెప్పాను. ఫోన్ చేసి చెప్పచ్చు కదా అని నా భర్త అన్నాడు. ముఖం చూపించి చెప్పాలనిపించింది. కొందరు మంచిగానే విన్నారు. కొందరు అప్పటికే తినేశామన్నారు. ఒకామె నా ముందే ఫ్రిజ్ తెరిచి గిన్నె తీసి, వాసన చూసి, గిన్నెతో సహా కాలువలో పడేసింది. ఇంకొకామె తలుపు కూడా పూర్తిగా తీయకుండా, "ఛీ" అని మూసుకుంది. ఆ "ఛీ" నాకు పడాల్సింది కాదు. అయినా నిలబడి విన్నాను.

పద్మావతమ్మ గారు అప్పుడే ఆస్పత్రి నుంచి వచ్చి మెట్ల మీద నిలబడి ఉన్నారు. బిడ్డకు సెలైను ఎక్కించి పంపారట. ఇప్పుడు బాగున్నాడట. నేను మెట్లు ఎక్కబోయాను.

"ఆడనే ఉండు" అన్నారు.

నేను కిందే నిలబడి జరిగింది చెప్పాను. గ్రైండరు గురించి, సీలు గురించి, తిరుమలేష్ గురించి. ఆమె అంతా విన్నారు.

"నాకు తిరుమలేష్ ఎవరో తెలీదు పుష్పా. నాకు నువ్వు తెలుసు" అన్నారు.

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు.

చివరికి దురుగమ్మ ఇంటికి వెళ్లాను. వాళ్లిల్లు షాపు వెనక సందులోనే. పిండి కొనలేదని తెలుసు. అయినా ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకుని ఉండచ్చు, చెప్పడం నా ధర్మం అనుకున్నాను. ఆమె పొయ్యి ముందు కూర్చుని దోసెలు వేస్తోంది. పిల్లలిద్దరూ ప్లేట్లు పట్టుకుని ఉన్నారు. నేను గుమ్మంలోంచే అరిచాను.

"దురుగమ్మా, పెట్టద్దు, పెట్టద్దు! ఆ పిండిలో గ్రీజు కలిసింది!"

ఆమె తల తిప్పి నవ్వింది. "ఇది నీ పిండి కాదులే అక్కా. అంగడిలో కవరు పిండి."

"ఎందుకు, నా దగ్గరికి రాలేదే?"

"ఆయనే వద్దన్నాడు. ఆయమ్మ గ్రైండరు స్వల్ప గ్రీజు దిగుతాది, పదైదు దినాలు ఆడ తేవద్దు, పిల్లోళ్లకు కవరు పిండి తెచ్చి ఏసియ్యి అన్నాడు. గురువారమే చెప్పినాడు. నీకు తెలిసే ఉంటాదని నేను అనుకొంటి."

ఆమె నా ముఖం చూసింది. చేతిలో గరిటె కింద పెట్టింది.

"అక్కా, నీకు చెప్పలేదా?"

లేదన్నాను. పెనం మీద దోసె మాడిపోతున్నా ఆమె తీయలేదు.

గురువారం. అంటే గ్రైండరు నా ఇంటికి తెచ్చిన రోజు. నా ఇంట్లో కుర్చీలో కూర్చుని, నా కాఫీ తాగి, బంగారంలా తిరుగుతాది అక్కా అని చెప్పి, ఇంటికి పోయి పెళ్లాంతో ఆ పిండి తేవద్దని చెప్పాడు. నేను ఏ కారణం చూసుకుని అతన్ని నమ్మానో, ఆ ఒక్క కారణాన్నీ పెళ్లాం చెవిలో ఒక్క మాట చెప్పి తీసేసుకున్నాడు. మోసం చేసేవాళ్లను నేను చూశాను. బియ్యంలో రాళ్లు కలిపి అమ్మినవాణ్ని చూశాను. వాడు ఆ బియ్యం తన ఇంట్లో వండుతాడో లేదో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడు ఎవరి దగ్గర ఏం కొన్నా అదే ఆలోచన వస్తోంది.

ఇంటికి పోయి మిగిలిన పిండిని రెండు గిన్నెల్లో పోశాను. ఒకటి దాచాను. అది ఇప్పుడు ఈ స్టేషన్లో ఉంది. రెండోది, ఆ పాత సీలు తీసుకుని షాపుకు వెళ్లాను. అప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. నా భర్త వెంట వస్తానన్నాడు. వద్దన్నాను. ఇద్దరం పోతే కొట్టడానికి వచ్చారంటాడు.

తిరుమలేష్ టీ తాగుతున్నాడు. హులిగెమ్మ అనే ఆమె మిక్సీ బాగు చేయించుకోవడానికి వచ్చి పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. నేను సీలు కౌంటరు మీద పెట్టాను.

"ఇదేనా కొత్త సీలు?"

అతను దాన్ని చూసి టీ కింద పెట్టాడు. "కొత్తది రాలేదక్కా. బెంగళూరు నుంచి రావాల. నువ్వేమో అర్జెంటు అర్జెంటు అంటివి."

"నేను అర్జెంటు అనలేదు. వారం ఆగుతానన్నాను."

"ఆగుతానంటావు. ఆగేది ఎవరు? నేను వారం అంటే నువ్వు కౌల్ బజార్‌లో ఇంకో మెకానిక్ కాడికి పోతాంటివి. మాకు తెలీదా?"

"పిల్లలు తిన్నారప్పా. ఐదేళ్ల పిల్లోడికి సెలైను ఎక్కించారు."

"ఎండాకాలం, వానాకాలం పిల్లోళ్లకు ఏదో ఒకటి అయితానే ఉంటాది. నా గ్రీజు వల్లే అని ఏం రుజువు?"

"మరి మీ పిల్లలకు ఎందుకు వద్దన్నావు?"

అతను హులిగెమ్మ వైపు చూశాడు. తర్వాత నా వైపు చూసి నవ్వాడు. తప్పు దొరికిపోయినవాడి నవ్వు కాదు. ఇద్దరం వ్యాపారస్తులమే, మనలో మనకెందుకు అన్నట్టు, గొంతు తగ్గించి, దగ్గరికి వంగి మాట్లాడాడు.

"జరా విను అక్కా. నువ్వు తినాకు. అంతే. నువ్వూ తినాకు, మీ ఆయనకు పెట్టాకు. అమ్ముకునేదానికే కదా రుబ్బేది? ఇంత సోడా, రెండు చెంచాలు మెంతిపిండి ఏస్తే వాసన ఎవరికి తెలుస్తాది? సీలు వచ్చినాక నేనే వచ్చి ఏసిస్తా. ఊరికే ఊరంతా తిరిగి నీ పేరు నువ్వే చెడగొట్టుకొంటివి."

అతను నన్ను తిట్టి ఉంటే గుమ్మరించేదాన్ని కాదు. చేయి చేసుకున్నా గుమ్మరించేదాన్ని కాదేమో. నన్ను కూడా తనలాంటి మనిషే అనుకున్నాడు. అది నిజంగా నాకు ఉపకారం అనుకునే చెప్పాడు. ఆ దగ్గరితనం నాకు అసహ్యం. అతని నోటి నుంచి టీ వాసన వస్తోంది. అతని గోళ్లలో నలుపు ఉంది. ఆ చేతులు గ్రీజు కుక్కిన చేతులు. ఆ చేతులతో అతను ఇంటికి పోయి తన బిడ్డల ప్లేట్లు మాత్రం వేరే పెట్టించాడు.

గిన్నె ఎత్తి అతని నెత్తిన గుమ్మరించాను. పిండి ముఖం మీద నుంచి, మీసాల మీద నుంచి, తెరిచి ఉన్న నోట్లోకి పోయింది.

అతను ముందు ఉమ్మాడు. తర్వాత అరిచాడు. తర్వాత వీధిలోకి పరుగెత్తి పక్క టీ కొట్టు కొళాయి కింద నోరు పెట్టాడు. పుక్కిలించాడు, ఉమ్మాడు, మళ్లీ పుక్కిలించాడు. కళ్లు కడుక్కోలేదు, తల కడుక్కోలేదు. నోరే కడుక్కున్నాడు. గొంతులో వేలు పెట్టుకుని కక్కాడు. జనం చేరారు. పిచ్చిదాన్ని చూసినట్టు నన్నే చూస్తున్నారు. ఎవరూ నన్ను ఆపలేదు, నేనూ కదలలేదు.

హులిగెమ్మ మిక్సీ మీద కూడా పిండి పడింది. ఆమె ఏ పాపం చేయలేదు. ఆమె దగ్గర క్షమాపణ అడిగి, తడిగుడ్డ తెచ్చి, స్టూలు మీద కూర్చుని ఆ మిక్సీ మొత్తం తుడిచాను. తుడిచాక ఆమె మిక్సీని కొంగులో చుట్టుకుని, రిపేరు చేయించకుండానే ఇంటికి తీసుకుపోయింది.

నేను స్టేషన్‌కు వచ్చేసరికి తిరుమలేష్ ముందే వచ్చి ఉన్నాడు. సబ్ ఇన్‌స్పెక్టర్ గారి ముందు అతను అన్న మాటలు ఇంద్రసేన గారు కూడా విన్నారు.

"సార్, గ్రీజు పిండి నా నోట్లో పోసింది సార్. కడుపులోకి పోయింది. నన్ను ఆస్పత్రికి పంపండి. నాకు ఏమన్నా అయితే ఈయమ్మ పైన మర్డర్ కేసు పెట్టాల."

ఎంత పోయిందని సబ్ ఇన్‌స్పెక్టర్ గారు అడిగారు.

"ఒక గుక్క పోయింటాది సార్."

"ఆ పిండినే మీ పేటంతా రెండు దినాలు తిన్నారంట కదా?" అని ఆయన అడిగారు.

అతన్ని ఆస్పత్రికి పంపారు. డాక్టరు చూసి మాత్ర ఇచ్చి పంపేశారు.

దురుగమ్మ మాట ఈ వాంగ్మూలంలో రాయిస్తే ఆమెకు ఇంట్లో కష్టం అవుతుందేమో అని నేను వెనకాడాను. ఈ రోజు పొద్దున స్టేషన్‌కు వస్తుంటే ఆమె సందు చివర నిలబడి ఉంది. పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని, చేతిలో సంచీతో ఉంది. అమ్మగారింటికి పోతున్నానంది.

"నేను చెప్పినానని రాయించు అక్కా. మూడు దినాలుగా ఆ కవరు పిండితో దోసెలు ఏస్తాండా కదా. నిన్నటి నుంచి ఆయన ప్లేటు ముందర కూచుంటే నాకు కూడు దిగలేదు" అంది.

అందుకే రాయించాను.

రాజీ చేసుకోమని ఇద్దరు పెద్దమనుషులు ఈ రోజు స్టేషన్ బయట నాతో మాట్లాడారు. తిరుమలేష్ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాడట. పిండి నోట్లోకి పోలేదు, పోయినా ఏమీ కాలేదు, అందులో గ్రీజు ఉందని కోపంలో అన్నాను అని చెబుతాడట. నేను కూడా తప్పయిందని ఒక మాట అంటే సరిపోతుందట. కొత్త సీలు ఉత్తినే వేసిస్తాడట.

నేను ఒప్పుకోను. పిండిలో గ్రీజు ఉందన్న మాట అతను వెనక్కి తీసుకుంటే ఆ పిండి మంచిదైపోతుంది. వీరేష్ వాంతులు ఎండకు వచ్చినవి అయిపోతాయి. ఇల్లిల్లూ తిరిగి చెప్పిన నేను అబద్ధాలదాన్ని అయిపోతాను. అతని ఫిర్యాదు అలాగే ఉండనివ్వండి. దానికి నాకు పడాల్సిన శిక్ష ఏదో నాకు వేయండి. జరిమానా అయితే కడతాను. స్టేషన్లో ఇచ్చిన గిన్నెను పరీక్షకు పంపండి. ఇదొక్కటే నేను అడుగుతున్నాను.

గ్రైండరు ఇంట్లో ఊడదీసి పడి ఉంది. సిద్ధేశప్ప కొత్త సీలు తీసుకుని కెంచనగుడ్డ నుంచి వస్తానన్నాడు. ఈసారి నా కళ్ల ముందే, నా ఇంట్లోనే బిగించమన్నాను. ఇల్లు గలీజు అయితే అయింది. రుబ్బడం మొదలుపెడితే ఎంతమంది గిన్నెలు తెస్తారో తెలియదు. పద్మావతమ్మ గారు రారు.

తిరుమలేష్ మీద పిండి గుమ్మరించినందుకు విచారిస్తున్నావా అని సబ్ ఇన్‌స్పెక్టర్ గారు అడిగారు. లేదని చెప్పాను. అలాగే రాయమన్నాను.

ఇంద్రసేన గారు ఇదంతా నాకు పైకి చదివి వినిపించారు. నేను చెప్పిందే ఇందులో ఉంది. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ నేర్పలేదు. నా కళ్లతో చూసిందీ, నా చెవులతో విన్నదీ, నా నాలుకతో రుచి చూసిందీ చెప్పాను. ఇది నిజమని ఒప్పుకుని కింద సంతకం పెడుతున్నాను.

(సం.) పుష్పావతి